ఇరవయ్యెనిమిదో సంతకం

పిల్లల చదువుకు పుస్తకాలు అక్కర్లేదు, పంతులమ్మలు అక్కర్లేదు, ఆ మాటకొస్తే పిల్లలు కూడా అక్కర్లేదు. తండ్రి సంతకం ఒక్కటుంటే చాలు!

నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను. మా అమ్మాయి లూథరన్ స్కూల్లో రెండో తరగతి చదువుతోంది. ఏ మాటైనా వీధి చివరిదాకా వినబడేలా చెబుతుంది కాబట్టి ఇంట్లో దాని పేరు టముకు. చేరిన రెండేళ్ళలో టముకుకు వచ్చినవి ఎనిమిది ఎక్కాలు. అదే రెండేళ్ళలో నేను సంతకం పెట్టిన అండర్‌టేకింగులు ఇరవయ్యారు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ చదువుకున్నట్టు?

అండర్‌టేకింగ్ అంటే తెలియని అమాయకులు ఎక్కడైనా మిగిలి ఉంటే చెబుతాను. "ఫలానా తప్పు మా పిల్ల చెయ్యదు, చేస్తే బాధ్యత నాది" అని తండ్రి సంతకం పెట్టి ఇచ్చే కాగితం అన్నమాట. పూర్వం పిల్లలు తప్పు చేస్తే పంతులుగారు చెవి మెలిపెట్టేవారు. ఎంత అనాగరికం! ఇప్పుడు చెవి జోలికి ఎవరూ వెళ్ళరు. తండ్రిని పిలిచి చేతికి పెన్ను ఇస్తారు.

మా అమ్మాయి బూటు లేసులు క్లాసులో ఊడవని సంతకం పెట్టాను. వాటర్ బాటిల్ మూత ప్రార్థన మధ్యలో కిందపడి దొర్లదని పెట్టాను. జ్వరం వచ్చే ముందు మూడు రోజుల నోటీసు ఇస్తుందని పెట్టాను. పాలపళ్ళు ఊడే వయసు కదా, కిందటేడు ఒక పన్ను సరిగ్గా ఇన్‌స్పెక్షన్ రోజున ఊడి ఇన్‌స్పెక్టరు గారి రిజిస్టరు మీద పడింది. మిగతావన్నీ సెలవుల్లోనే ఊడతాయని పెట్టాను. నిజం చెప్పొద్దూ, ఆ కాగితం అందుకున్నాక మిగతా పళ్ళు చాలా బుద్ధిగా మసలుకున్నాయి!

ఇక్కడ నా వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. నేను దస్తావేజులు రాసేవాణ్ణి. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో బల్ల వేసుకుని, "బాబూ, చదివి సంతకం పెట్టండి, చదవకుండా పెట్టకండి" అని పొద్దస్తమానం వచ్చినవాళ్ళందరికీ చెప్పడమే నా పని. అటువంటి నేను స్కూలు కాగితాన్ని మాత్రం చదవను, అందులో ఏముందో వాళ్ళు చెబితే విని సంతకం పెడతాను. భక్తి ఉన్నచోట చదవడం ఏమిటండీ!

"ఒక్కసారి చదివి పెట్టకూడదూ?" అంటుంది మా ఆవిడ.

ఆవిడకు సీటు విలువ తెలియదు. ఆ సీటు కోసం తెల్లవారకముందే గేటు బయట నిలబడింది నేను కదా.

అయితే ఎంత మంచి స్కూల్లోనైనా ఒక పొరపాటు జరుగుతుంది. వీళ్ళు పిల్లలకు ఒక ప్రశ్న నేర్పారు.

వారానికి రెండు రోజులు ప్రార్థన గదిలో పాస్టర్ గారి పాఠం ఉంటుంది. పాస్టర్ గారు పెద్దాయన, మెత్తని మనిషి. ఒక వాక్యం చెప్పి ఆగుతారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "దీనికి అర్థమేమి?" అని అడగాలి. అప్పుడు ఆయన అర్థం చెబుతారు. ఆ అర్థం వాళ్ళ చిన్న పుస్తకంలో ముందే అచ్చయి ఉంటుంది. తరతరాలుగా లూథరన్ పిల్లలు ఇలాగే నేర్చుకున్నారట. మా టముకుకు వాక్యాలు అంతంతమాత్రంగా వచ్చాయి గాని, ప్రశ్న మాత్రం బాగా వంటబట్టింది.

ఇంట్లో నేను "చూద్దాంలే" అంటే, "దీనికి అర్థమేమి?" అని వెంటనే వినబడేది. "కుదరదని అర్థం" అని మా ఆవిడ లోపలినుంచి జవాబు చెప్పేది. మా మేనత్త వచ్చి, "వంట మీ ఆయన చేశాడా? అదే అనుకుంటున్నా" అంది. దానికి అర్థం అడిగేసరికి ఆవిడ కాఫీ కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. ఇన్సూరెన్సు ఏజెంటు "కొన్ని షరతులకు లోబడి" అన్నాడు. దాని అర్థం కోసం పాపం, అరగంట పాలసీ కాగితం చదివాడు. ఇంటికి వెళ్ళి తన పాలసీ తానే రద్దు చేసుకున్నాడని తరవాత తెలిసింది.

ఇవన్నీ భరించాను. అసలు చిక్కు వార్షికోత్సవంతో వచ్చింది.

నాటకం పేరు వంద గొర్రెలు. కథ మీకు తెలిసే ఉంటుంది. కాపరికి వంద గొర్రెలు. ఒకటి వెనకబడి తప్పిపోతుంది. తొంభైతొమ్మిదింటినీ వదిలిపెట్టి కాపరి ఆ ఒక్కదాన్ని వెతుక్కుంటూ వెళ్ళి భుజాన వేసుకుని తెస్తాడు. రెండో తరగతి దాకా ఉన్న పిల్లలు నూట రెండు మంది. వందమంది దిండు గలీబులకు దూది అంటించుకుని గొర్రెలయ్యారు. ఒకడు కాపరి. మిగిలింది ఒక్కతే.

ఆ ఒక్కతీ మా టముకు పక్కన కూర్చునే పిల్ల. క్లాసులో పేరు నిదానం. ఎనిమిదో ఎక్కం సోమవారం అడిగితే మంగళవారం చెబుతుంది. తప్పు మాత్రం చెప్పదు. రిహార్సల్లో "మే" అనమంటే, పాట అయిపోయి అందరూ సంచులు సర్దుకుంటున్నప్పుడు అంది. అందుకని దాన్ని హాల్లో చివరి వరసలో కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టే పని అప్పజెప్పారు.

మరి తప్పిపోయిన గొర్రె వేషం ఎవరికి ఇచ్చారనుకున్నారు? ఫస్టు ర్యాంకు అమ్మాయికి!

ఇందులో వింతేముంది? డాన్సు టీచరు నాకు ఓపిగ్గా వివరించింది. "తప్పిపోవడం అందరికీ చేతకాదండీ. టైముకు తప్పిపోవాలి, టైముకు దొరకాలి. వెనకబడ్డ పిల్లలకు ఇచ్చామనుకోండి, నిజంగానే తప్పిపోతారు!"

ఎంత సబబైన మాట! నాకు వెంటనే ఎక్కింది. మా టముకుకు ఎక్కలేదు. మర్నాడు ప్రార్థన గదిలో, పాస్టర్ గారి ఎదుట, హెడ్‌మిస్ట్రెస్ గారు చూస్తుండగా, లేచి నిలబడింది.

"తప్పిపోయిన గొర్రెను వెతకాలని చెప్పారు కదా! మరి మా నిదానాన్ని ఎందుకు వదిలేశారు? దీనికి అర్థమేమి?"

పాస్టర్ గారు పుస్తకం తిరగేశారట. అర్థం దొరకలేదట.

నాకు కబురు వచ్చింది. వెళ్ళాను.

"మీ అమ్మాయి పుస్తకంలో లేని ప్రశ్న అడిగిందండీ" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

"ప్రశ్న అడగడం తప్పా మేడమ్?"

"అడగడం తప్పని ఎవరన్నారు? అడగమని నేర్పిందే మేము. కానీ జవాబు ఉన్న ప్రశ్నలు బోలెడున్నాయి కదండీ. మూడో తరగతిలో సీట్లు తక్కువ, మీకు తెలుసుగా."

తెలుసు. ఇరవయ్యేడో కాగితం బల్లమీద ఉంది. "మా అమ్మాయి పుస్తకంలో లేని ప్రశ్న అడగడానికి ఇకమీదట నోరు తెరవదు." జీవితంలో మొదటిసారి స్కూలు కాగితం చదివాను. చదివి మరీ సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి సంగతి చెబితే, "సరే నాన్నా" అంది టముకు. అంతే. ఆ వారమంతా ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చెప్పలేను! మేనత్త మళ్ళీ వచ్చి కాఫీ తాగి, అనాల్సినవన్నీ అని, సంతోషంగా వెళ్ళింది. నాలుగో రోజు నేనే ఉండబట్టలేక, పనేమీ లేకపోయినా, దాని పక్కన నిలబడి గట్టిగా "చూద్దాంలే!" అన్నాను. టముకు గలీబుకు దూది అంటించుకుంటోంది. తల కూడా ఎత్తలేదు. నాకు భయం వేసింది.

వార్షికోత్సవం రానే వచ్చింది. మధ్యాహ్నం హాలు కిక్కిరిసిపోయింది. స్టేజీ నిండా దూది. కాపరి గొర్రెల్ని లెక్కపెట్టి, నుదురు కొట్టుకుని, తెర వెనక్కి వెళ్ళాడు. ఫస్టు ర్యాంకు అమ్మాయి అక్కడ టైముకు తప్పిపోయి, దొరకడానికి సిద్ధంగా ఉంది.

అప్పుడు నలభైమూడో గొర్రె, అంటే మా టముకు, గుంపులోంచి బయటికొచ్చింది. స్టేజీ మెట్లు దిగింది. దూది రాలుస్తూ హాలు మధ్యగా చివరి వరసదాకా నడిచింది. నిదానాన్ని ఎత్తి భుజాన వేసుకోవాలని చూసింది. నిదానం తనకంటే బరువు, కుదరలేదు. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి, స్టేజీ ఎక్కించి, తన ఒంటిమీది దూదిలో సగం పీకి దాని నెత్తిన పెట్టింది. ఇంత చేసినా నోరు మాత్రం తెరవలేదు!

పాట అయిపోయింది. తబలా ఆగింది. అప్పుడు, సరిగ్గా తన టైముకు, నిదానం "మే..." అంది.

హాలు దద్దరిల్లిపోయింది. పాస్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. కంట్లో దూది పడి ఉంటుంది.

మర్నాడు మళ్ళీ కబురు. ఈసారి టముకును వెంటబెట్టుకుని వెళ్ళాను.

"వంద గొర్రెల నాటకంలోకి నూట ఒకటో గొర్రె ఎక్కడినుంచి వచ్చిందండీ?" అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు.

నాలోని దస్తావేజుల మనిషి మేలుకున్నాడు. "మేడమ్, మనం రాసుకున్నదాంట్లో నోరు తెరవకూడదని ఉంది. మెట్లు దిగకూడదని లేదు."

"అందుకేనండీ ఇది" అని ఇరవయ్యెనిమిదో కాగితం నా ముందుకు జరిపి, పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చారు.

"మా అమ్మాయి ఇకమీదట ఎవరి కోసమూ గుంపు వదిలి వెళ్ళదు."

టముకు నా పక్కన నిలబడి ఉంది. పెదవులు బిగించుకుని నా చేతివంకే చూస్తోంది. కాగితం రెండుసార్లు చదివాను. మూడో తరగతి సీటు గుర్తొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఇరవయ్యేడు సంతకాల అనుభవం ఉన్నవాణ్ణి, ఆ పెన్నుకు మూత పెట్టేసి, వీధి చివరిదాకా వినబడేలా అడిగాను.

"దీనికి అర్థమేమి, మేడమ్?"