ఎర్ర దీపానికి నల్ల టేపు

నాచారంలో మందుల కంపెనీ గోడనానుకుని ఉన్న విమాన శిక్షణ సంస్థవారు, తమ రెండు సీట్ల విమానంలో ఆయిల్ హెచ్చరిక దీపం సమస్యను శాశ్వతంగా పరిష్కరించినట్టు సగర్వంగా ప్రకటించారు. దీపం మీద నల్ల టేపు అంటించారు.

నిర్ణయం తొందరపడి తీసుకున్నది కాదు. దీపం మొదటిసారి వెలిగినప్పుడు శిక్షకురాలు సరిత ఎగరకుండానే ఇంజన్ ఆపేసింది. పుస్తకంలో రాసింది నమ్మే బలహీనత ఆమెది. దీపం వెలిగితే పక్కనున్న ఆయిల్ ఒత్తిడి ముల్లు చూడాలి, అదీ పడిపోతే వెంటనే దిగాలి అని అందులో ఉంది మరి. మెకానిక్ కొమురెల్లి ఆయిల్ పంపు మార్చాలన్నాడు. చైర్మన్ ఉమామహేశ్వర్ గారిది విశాల దృష్టి. తన బావమరిది, హాస్టల్ వార్డెన్, ఒక వాస్తు పండితుడితో కమిటీ వేశారు. ఉప్పల్ హోటల్లో మూడుసార్లు బిర్యానీ సహితంగా చర్చించి, పైలట్ల కంగారుకు మూలం దీపమేనని కమిటీ తేల్చింది.

టేపు అంటించాక కొమురెల్లి సరితను పక్కకు పిలిచాడు. "బిడ్డా, దీపమే మూసిన. ముల్లు మూయలే. జర దాని మీద నజర్ పెట్టు."

ప్రజల్లో నమ్మకం పెంచడానికి చైర్మన్ గారే స్వయంగా, సరిత నడుపుతుండగా, విమానమెక్కారు. పీర్జాదిగూడ దాటగానే ఫోన్ ముందు ప్రసంగం అందుకున్నారు. "భయమనేది మన మనసులోనే ఉంటుంది మిత్రులారా..."

సరిత చూస్తుండగానే ఒత్తిడి ముల్లు సున్నాకు జారింది. ఆయిల్ వేడి చూపే ముల్లు పైకి పాకింది.

"సార్, ఆయిల్ పోయింది. దిగుతున్న."

"రెండు నిమిషాలు ఆగమ్మా, వీడియో ఐపోతది."

ఆమె ఆగలేదు. ఇంజన్ వేగం తగ్గించి, కింద ప్లాట్లు అమ్ముడుపోని ఒక వెంచర్‌లో నలభై అడుగుల రోడ్డును ఎంచుకుంది. నేల ఇంకా తాకకముందే ఇంజన్ గరగరమని బిగుసుకుపోయింది. విమానం హద్దురాళ్ల మధ్య దొర్లి ఆగింది. ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు.

అనుమతి లేకుండా దిగినందుకు, ప్రసంగానికి అంతరాయం కలిగించినందుకు ఆమెకు మెమో ఇచ్చారు. కమిటీ మళ్లీ కూర్చుని, ఈసారి తప్పు ముల్లుదని కనుగొంది. లాగ్ పుస్తకంలో కొమురెల్లి రాసిన పంపు సంగతి కొట్టేసి 'స్వల్ప కుదుపు' అని రాయమన్నారు. సరిత రాయలేదు. రాజీనామా రాసిచ్చింది.

చైర్మన్ వీడియో లక్షల మంది చూశారు. ఇంజన్ లేకున్నా క్షేమంగా దింపే సంస్థ అని పేరొచ్చి, అడ్మిషన్ల రోజు గేటు బయట తల్లిదండ్రులు బారులు తీరారు. సరిత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, బిగుసుకున్న ఇంజన్ బాగుచేయించారే గానీ పంపు ఇంకా మార్చలేదని, దీపంతో పాటు ఇప్పుడు ముల్లుకీ టేపు వేశారని చెప్పింది. కొడుకు ఫైలు చంకలో పెట్టుకున్న ఒక తండ్రి అంతా ఓపిగ్గా విన్నాడు.

"గది సరే మేడం," అన్నాడు. "హాస్టల్ల ఏసీ ఉన్నదా?"