ఉత్కృష్ట నక్క

ఒక పెద్ద అడవిలో జంతువులకు పంచాయతీ ఉండేది, బడి ఉండేది, తాగడానికి ఒకే ఒక్క చెరువూ ఉండేది. పంచాయతీకి సమావేశాలెక్కువ, బడికి సెలవులెక్కువ, చెరువు కట్టకి గండ్లెక్కువ. అందుకని ఏటా వానలకి ముందు జంతువులన్నీ కలిసి కట్ట బాగుచేసుకునేవి. ఏనుగులు దుంగలు లాగేవి, పందులు మట్టి తవ్వేవి, కోతులు తీగలు తెచ్చి బిగించేవి.

పంచాయతీ కార్యదర్శి నరహరి అనే నక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే దానికి నడుం పట్టేసేది. ఈసారి కొత్త జబ్బు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ బడి పక్కగా పోతుంటే, ఎలుగుబంటి భల్లయ్య మాస్టారి పాఠం చెవిన పడింది.

"పరమాణువు మధ్యలో కేంద్రకం. దాని చుట్టూ కక్ష్యల్లో ఎలక్ట్రాన్లు. బయటి కక్ష్య నిండేదాకా మూలకానికి కుదురుండదు. సోడియం దగ్గర ఒకటి ఎక్కువ, ఎవరికిచ్చేద్దామా అని చూస్తుంది. క్లోరిన్‌కి ఒకటి తక్కువ, ఎవరి దగ్గర లాక్కుందామా అని చూస్తుంది. రెండూ కలిస్తే ఉప్పు."

"మరి పట్టికలో కుడి చివర నిలువుగా ఉన్నవి?" అని దుప్పిపిల్ల అడిగింది.

"వాటి బయటి కక్ష్య నిండుగా ఉంటుంది. ఇవ్వవు, పుచ్చుకోవు, మామూలుగా ఎవరితోనూ కలవవు. ఉత్కృష్ట వాయువులంటారు. ఇంకో పేరు కూడా ఉంది..."

ఆ ఇంకో పేరు వినకుండానే నరహరి పరుగు తీసింది.

సాయంత్రం సమావేశంలో అధ్యక్షురాలైన ఏనుగు ఐరావతమ్మ ముందు నిలబడి గొంతు సవరించుకుంది.

"అమ్మగారూ, మూలకాలకి ఆవర్తన పట్టిక ఉంది. మనకి లేకపోవడం వెనుకబాటుతనం. జంతువుల్నీ వరుసల్లో పెడదాం. కుడి చివర ఉత్కృష్ట జంతువులు. వాళ్ళు ఎవరితోనూ కలిసి పని చెయ్యకూడదు, శాస్త్రం ఒప్పుకోదు."

"ఆ వరుసలో ఎవరుంటారు?" అంది ఏనుగు.

"ప్రస్తుతానికి నేనొక్కణ్ణే," అంది నక్క వినయంగా.

నెమలి పింఛేశ్వరరావు లేచింది. "నేను పురి విప్పితే బయటి కక్ష్య ఎంత నిండుగా ఉంటుందో అడవంతా చూసిందే. నాకెందుకు లేదు?"

ఇవ్వక తప్పలేదు. పులి అడగలేదు, అది అడిగేదాకా ఎవరూ ఆగలేదు. అధ్యక్షురాలు లేకుండా ఆ వరుసకి గౌరవమేముందని ఏనుగుని చేర్చారు. కోతులు ధర్నాకి కూర్చుని సాధించుకున్నాయి. చూస్తుండగానే పట్టికలో ఎడమవైపంతా ఖాళీ అయిపోయింది. మిగిలింది గంగులమ్మ అనే అడవిపంది ఒక్కతే. గడ్డలు తవ్వుకునే పనిలో ఉండి ఆ రోజు సమావేశానికి రాలేకపోయింది.

"కట్ట ఇక నువ్వే చూసుకోవాలి గంగులమ్మా," అంది నక్క.

"ఒక్కదాన్ని ఎంతని తవ్వను బాబూ? నేను తవ్వితే మొయ్యడానికైనా ఎవరో ఒకరు రావాలిగా."

"రాకూడదు. శాస్త్రం."

గంగులమ్మ కట్ట దగ్గరికి నడిచింది. చేతనైనంత మట్టి తవ్వి పోసింది.

వానలు పడ్డాయి. కట్ట తెగింది. మిగతావన్నీ గుట్టెక్కేశాయి గానీ, నీడ బాగుంటుందని కట్ట కిందే బొరియ వేసుకున్న నరహరిని వరద లాక్కుపోయింది. ఒక తుమ్మకొమ్మ దొరికితే పట్టుకు వేలాడింది.

"కోతి బావా, కాస్త తోక అందించు."

"కలవకూడదు కదండీ కార్యదర్శిగారూ. తీర్మానం మీదే."

"అమ్మగారూ, మీరైనా..."

"తొండం చాచాలనే ఉంది నాయనా, శాస్త్రం ఒప్పుకోదాయె," అంది ఏనుగు నిజంగానే బాధపడుతూ.

భల్లయ్య మాస్టారు ఒడ్డుకొచ్చి నిలబడ్డాడు. "పాఠం మధ్యలో లేచిపోతే ఇంతే నరహరీ. వాటి రెండో పేరు జడవాయువులు. ఇప్పుడు నిన్ను ముంచుతున్న నీళ్ళున్నాయే, అవి రెండు హైడ్రోజన్లూ ఒక ఆక్సిజనూ కలిస్తేనే వచ్చాయి. గుర్తుపెట్టుకో, పరీక్షలో వస్తుంది."

"ముందు బయటికి లాగండి మాస్టారూ," అంది నక్క నీళ్ళు మింగుతూ. "నేను ఉత్కృష్టుణ్ణి కాను. నా బయటి కక్ష్యలో ఒకటి ఎక్కువే ఉంది. ఎవరైనా పుచ్చుకోండి."

"నాకెప్పుడూ అన్నీ తక్కువే. ఇలా తే," అంటూ గంగులమ్మ నీళ్ళలోకి దూకింది.

నక్క తోక నోట కరుచుకుని ఈదబోయింది గానీ వరద జోరుకి కాళ్ళు ఆగలేదు. అది చూశాక ఏనుగుకి శాస్త్రం గుర్తు రాలేదు. తొండం చాచింది. కోతులు తీగ విసిరాయి. అందరూ కలిసి లాగితే రెండూ ఒడ్డున పడ్డాయి. నక్క తోక వెంట్రుకలు సగం గంగులమ్మ నోట్లోనే ఉండిపోయాయి. ఎలక్ట్రాన్ అంటే అదే కాబోలని దుప్పిపిల్ల అనుకుంది.

వాన వెలిశాక కట్ట పని మొదలైంది. ఆ వరుసని మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. వచ్చిన బిరుదు ఎవరు వదులుకుంటారు? ఉత్కృష్ట ఏనుగు దుంగలు లాగింది. ఉత్కృష్ట కోతి తీగలు బిగించింది. ఉత్కృష్ట నక్క జన్మలో మొదటిసారి మట్టి తట్ట ఎత్తుకుంది.

నీతి: ఎవరితోనూ కలవనంత గొప్పవాళ్ళు కావడంలో తప్పేమీ లేదు, ముందు ఈత నేర్చుకుంటే చాలు.