కట్టెల కొట్లో ఆవు

శుక్రవారం ఉదయం వరహాలరావు వేసుకున్న ప్రణాళిక సరళమైనదే. పదకొండు గంటలకు జిల్లా కేంద్రం నుంచి తనిఖీ అధికారి వస్తారు. ఆలోగా పన్నెండు మంచాల మీద ఉతికిన దుప్పట్లు పరవాలి. పన్నెండు మంది వృద్ధులకూ తలలు దువ్వించాలి. అరకులోయలోని ఆ వృద్ధాశ్రమానికి ఆయన సూపరింటెండెంటు. అది 1974వ సంవత్సరం జూలై. వారం రోజుల ముసురుకు రెండు తప్ప దుప్పట్లేవీ ఆరలేదు. ఆరిన రెండింటిలో ఒకటి సూపరింటెండెంటుగారి సొంతం.

అయితే అసలు చిక్కు దుప్పట్లు కావు. ఏడో నంబరు మంచం మీది గణపతిరావుగారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తుంటి ఎముక విరిగి ఎనిమిది నెలలుగా మంచం దిగలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టే మనిషి లేక వీపున అరచేతి వెడల్పున పుండు పడింది. నర్సు ఉద్యోగం కాగితం మీద ఉన్నది, నర్సు లేదు. ఆ ఒక్క నర్సు కోసం ఆయన మంచం మీది నుంచే, తప్పుపట్టడానికి వీలులేని ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు రాశారు. మూడో ఉత్తరమే అధికారిని కొండలెక్కించి తెస్తున్నదన్న సంగతి వరహాలరావుకు తెలియదు.

"ఆ పుండు దొరగారి కంట పడితే నా ఉద్యోగం ఊడుతుంది, నూకరత్నం. ముసలాయన్ను దుప్పటితో ఎత్తి పెరట్లో కట్టెల కొట్లో పడుకోబెట్టించు."

"అలాగే బాబూ. మరి ఏడో నంబరు కాళీగా కనిపిత్తాది. దొర లెక్కెట్టడా ఏటి?" అంది ఆయా నూకరత్నం.

వరహాలరావు వీధిలోకి చూశాడు. సంత రోజు. కొండ దిగి వచ్చిన గాసి అనే ముసలివాడు విస్తళ్లు కుట్టే అడ్డాకుల కావడి దించి చుట్ట ముట్టించుకుంటున్నాడు. డెబ్బై ఏళ్లు తప్పకుండా ఉంటాయి. అతన్ని లోపలికి పిలిచి, గంటసేపు ఏడో మంచం మీద పడుకుంటే కంబళి ఇస్తామన్నారు.

"పడుకుంటే కంబలిత్తారా?" గాసికి అనుమానం వచ్చింది. "ఆ మంచం మీద ఎవుడైనా సచ్చిపోనాడేటి?"

"ఇంకా లేదు మావా," అంది నూకరత్నం. "బేగెక్కు. దొర ఏటడిగినా తలూపు. ఏటి సెయ్యమంటే అది సెయ్యి. నోరు మాత్రం ఇప్పకు."

అధికారి వచ్చారు. మొదటి ఆరు మంచాల వైపు కన్నెత్తి చూడక, నేరుగా ఏడో దాని ముందు ఆగారు.

"గణపతిరావుగారూ, నర్సు కావాలని ఉత్తరం రాసింది మీరేనా?"

గాసి తల ఊపాడు. ఉత్తరం మాట విని వరహాలరావు గబగబా మంచం దగ్గరికి జరిగాడు.

"ఏదీ, వీపు మీద పుండు చూపించండి."

గాసి ఒక్క ఉదుటున మంచం మీంచి దూకి వెనక్కి తిరిగి నిలబడ్డాడు. జీవితమంతా కావడి మోసిన ఆ వీపు టేకు పలకలా నిగనిగలాడింది.

"ఎనిమిది నెలలుగా మంచం దిగలేదని రాశారే!"

"నిజమేనండి. దిగడం ఇదే మొదటిసారి," అన్నాడు వరహాలరావు. "అంతా మా శుశ్రూష, ఈ లోయ గాలి."

"నర్సు లేకుండానే?"

"లేకుండానేనండి!"

అంతలో కట్టెల కొట్లోంచి దీర్ఘమైన మూలుగు వినిపించింది.

"అదేమిటి?"

నూకరత్నం అందుకుంది. "ఆవు బాబూ. ఈపున పుండు పడి మూలుగుతాంది."

అధికారి ముఖం ఎర్రబడింది. ఆయన ఇంట రెండు ఆవులున్నాయి. "నోరులేని జీవాన్ని ఇలా కుళ్లబెడతారా? మీకు మనసు లేదా?" అని వరహాలరావును పది నిమిషాలు తిట్టి, పశువైద్యశాల కాంపౌండరుకు అక్కడికక్కడే చీటీ రాసి పంపించారు. తరువాత తనిఖీ పుస్తకం తెప్పించుకున్నారు. ఏడో నంబరు వారు సంపూర్ణంగా కోలుకున్నారనీ, ఇక నర్సు ఉద్యోగం రద్దు చేయవచ్చుననీ, జిల్లాలో మంచాన పడిన మరి ఇరవై మంది వృద్ధులను ఇక్కడికే తరలించవలెననీ రాసి, సంతకం చేసి వెళ్లిపోయారు.

గాసి తన కంబళి అడిగాడు. ఆశ్రమంలో అదనపు కంబళి ఎప్పుడూ లేదు. వరహాలరావు అతనిని కట్టెల కొట్లోకి తీసుకువెళ్లి, గణపతిరావుగారి మీద ఉన్నదాన్ని చూపించాడు. గాసి వంగి ముసలాయనను మెల్లగా పక్కకు తిప్పి పడుకోబెట్టి, కంబళి సరిచేశాడు.

"నాకొద్దు బాబూ," అని కావడి ఎత్తుకున్నాడు.

మూడు గంటలకు కాంపౌండరు సంచీతో వచ్చాడు. "ఆవేది?"

నూకరత్నం కంబళి తొలగించింది. కాంపౌండరు పుండు చూసి సంచీ మూసేశాడు. "నేను పశువులకే వైద్యం చెయ్యాలండీ. మనిషికి కట్టు కట్టానని రిజిస్టరులో రాస్తే నా ఉద్యోగం పోతుంది," అన్నాడు.

గణపతిరావుగారు కళ్లు తెరిచారు. నలభై ఏళ్ల ఉద్యోగంలో హాజరుపట్టీలో ఒక్క అబద్ధపు గీతను సహించని మనిషి ఆయన.

"ఆవు అని రాసుకో నాయనా," అన్నారు. "వయస్సు కూడా వెయ్యి. డెబ్బై నాలుగు."

"అంత వయసు ఆవుకి ఉండదండీ."

"అయితే ఏడు వెయ్యి. బేగి కట్టు."

నాటి నుంచి రికార్డుల ప్రకారం ఏడో నంబరు గణపతిరావుగారు ఆరోగ్యంగా లేచి తిరుగుతున్నారు. ఆవుకు మాత్రం రోజు విడిచి రోజు కట్టు కడుతున్నారు.