రెండోసారి అడగని అతిథి

గురువారం పొద్దున్నే పడవ ఈజిప్టులోని హుర్ఘదా రేవు దారి పట్టింది. వంటవాడు షాజిలీ కేకు మీద చక్కెర పూస్తూ, ఇంకా కళ్లారా చూడని కూతురి గురించి ఆలోచిస్తున్నాడు. సొంతూరు కినాలో ఆ పిల్ల పుట్టేనాటికి ఇతను నడిసముద్రంలో, డైవింగుకు వచ్చిన జర్మన్లకు గుడ్లు వేయిస్తున్నాడు. రేపు శుక్రవారం పిల్లకు ఏడోరోజు పండుగ. భార్య వహీబా పంపిన ఫొటోలో దుప్పటి, ముక్కు తప్ప ఏమీ కనబడలేదు. వారమంతా ఆ ముక్కునే చూసుకుని మురిశాడు.

ఏడోరోజున తండ్రి వట్టిచేతులతో గడప తొక్కితే వాడంతా నవ్వుతుంది. పప్పులు, మిఠాయిలు, కొవ్వొత్తులు పట్టుకెళ్లాలి. జీతం నెలాఖరుకు గాని రాదు. ఆశంతా అతిథులిచ్చే బక్షీసు మీదే. ఆఖరి రోజున అందరూ కలిపి ఒక కవరులో పెట్టి ఇస్తే, పడవ నడిపే రయ్యిస్ ఖుదారీ దాన్ని సిబ్బందికి సమంగా పంచుతాడు.

ఆవేళ రయ్యిస్ చుక్కాని వదలలేని చోట ఉన్నాడు. అందుకని అతిథులకు పెద్దయిన గుడ్రున్ అనే ఆవిడ కవరు పట్టుకుని నేరుగా వంటగదికే వచ్చింది. క్లాసుకు వెళ్లి మరీ అరబ్బీ నేర్చుకున్న మనిషి. "ఇది మీ అందరి కొరకు" అంది.

షాజిలీ గుండె గంతేసింది. కానీ నోరు అలవాటు మానుతుందా? గుండె మీద చెయ్యి వేసుకుని, "అయ్యయ్యో, వద్దమ్మా! మీరు మా ఇంటి మనుషులు. ఉంచండి" అనేశాడు. ఈజిప్టులో టీకొట్టువాడు కూడా డబ్బు చాపితే ముందు అలాగే అంటాడు. ఇచ్చేవాళ్లు బతిమాలాలి, పుచ్చుకునేవాళ్లు రెండుసార్లు వద్దనాలి, మూడోసారి ఇష్టం లేనట్టు జేబులో వేసుకోవాలి. ఈ ముక్క గుడ్రున్ వెళ్లిన క్లాసులో చెప్పలేదు.

ఆవిడ కళ్లు చెమర్చాయి. "మీ హృదయము ఈ సముద్రము కన్న లోతైనది" అని, కవరు సంచిలో పెట్టేసుకుని వెళ్లిపోయింది. రెండోసారి వద్దనడానికి సిద్ధమైన షాజిలీ అలాగే నిలబడిపోయాడు.

కాసేపటికి అతిథుల గదిలోంచి చప్పట్లు వినిపించాయి. కేకు కోసమనుకుని సిబ్బంది వంగి వంగి సలాములు చేశారు. అవి బక్షీసు వద్దన్నందుకని తెలిశాక, చుక్కాని మరొకరికి అప్పగించి వచ్చి రయ్యిస్ ఉరిమాడు.

"వద్దనమని నీకెవడు చెప్పాడ్రా?"

"మర్యాదకన్నాను రయ్యిస్!"

"మర్యాదలు మనవాళ్ల దగ్గర్రా, గాడిదా! ఉండు, నేను మాట్లాడొస్తా."

రయ్యిస్‌ను చూడగానే గుడ్రున్ లేచి నిలబడింది. "డబ్బు చూపి మిమ్ములను అవమానించితిని, మన్నించండి" అంది. పాపం, రయ్యిస్‌కు తెలియకుండానే మాట జారిపోయింది. "డబ్బుదేముందమ్మా, మీరు సంతోషంగా ఉంటే మాకదే పదివేలు!" తిరిగొచ్చి ఎవరి ముఖమూ చూడలేదు.

"నేను మొహమాటపడే రకం కాదు" అంటూ మెకానిక్ జగ్లూల్ మీసం దువ్వుకుంటూ వెళ్లాడు. గుడ్రున్ అతని చేతి గడియారం చూసి చాలా బాగుందంది. "బాగుందా? అయితే మీదే, తీసుకోండి" అన్నాడు జగ్లూల్. ఆవిడ తీసుకుంది.

రేవు చేరాక అతిథులు అందరినీ కౌగిలించుకుని, ఆ డబ్బు తాబేళ్ల సంరక్షణకు ఇస్తామని చెప్పి వెళ్లిపోయారు. తాబేళ్లకు ఏడోరోజు పండుగలు ఉండవు కదా అని షాజిలీకి కడుపు మండింది. ఫోను తీశాడు.

"వహీబా, రేపు రాలేనే. చేతిలో చిల్లిగవ్వ లేదు."

"నేనేమైనా అడిగానా? నువ్వొస్తే చాలు."

"మర్యాదకంటున్నావు."

"మొగుడితో మర్యాదేంటయ్యా నాకు? పిల్ల ఏడిస్తే నీ పాత చొక్కా కప్పి పడుకోబెడుతున్నా. ఎన్నాళ్లు చొక్కాతో కాపురం చెయ్యమంటావు?"

అవతల పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఇవతల తండ్రి కూడా ఏడ్చాడు. పప్పులూ వద్దు, పరువూ వద్దు, ఇంటికి వెళ్లాలనిపించింది. ఎంతగా అనిపించిందంటే, నడిచైనా పోదామని చెప్పులు బిగించుకున్నాడు.

అది చూసి రయ్యిస్ జేబులోంచి నోట్లు తీసి చాపాడు. "ఇదిగో, బస్సు ఖర్చులకు ఉంచరా."

షాజిలీ చటుక్కున అందుకుని, "వస్తా రయ్యిస్!" అంటూ బస్టాండు వైపు పరుగెత్తాడు.

ఇంకో రెండుసార్లు బతిమాలడానికి సిద్ధపడి ఉన్న రయ్యిస్, కినా బస్సు కదిలేదాకా తెరిచిన నోరు మూయలేదు.