దొరగారి కంటి పరీక్ష

కంటిని ఫొటో తీసి మెదడుకు దెబ్బ తగిలిందో లేదో కనిపెట్టే మెషీన్లు వస్తున్నాయట! అయ్యా, మరీ అంత మురిసిపోకండి. తెలంగాణ సాయుధ పోరాటం మొదలయ్యే రోజుల్లోనే, మా తరిగొప్పుల పక్క పల్లెలో ఒక దొరగారు ఈ పరీక్షను కెమెరా లేకుండా, ఉచితంగా చేసేవారు. మా నాయనమ్మ కళ్లారా చూసింది.

పద్ధతి చాలా సులువు. మనిషిని దొరగారి కోటలాంటి ఇల్లు, గడీ ముందు నిలబెట్టాలి. చూపు నేల మీద ఉంటే మెదడు భేషుగ్గా ఉన్నట్టు. దొరగారి ముఖం మీదికి లేచిందా, చెడిపోయినట్టే! వైద్యం కూడా అక్కడే, కట్టెతో. ఇంత సౌకర్యం ఏ కార్పొరేట్ ఆస్పత్రిలో ఉంది చెప్పండి?

ఒకనాడు మొండయ్య అనే రైతుకు ఈ జబ్బు వచ్చింది. వెట్టికి పిలిస్తే, "నా చెలక దున్నుకున్నంక వస్త దొరా" అన్నాడు, అదీ తలెత్తి! దొరగారి మనుషులు వెంటనే తల మీద వైద్యం చేశారు. మళ్లీ పరీక్షిస్తే చూపు నేల మీదే ఉంది.

"నయమైంది. నాగలికి తోలుండ్రి" అన్నారు దొరగారు.

మొండయ్య నాగలి దాకా పోలేదు. వాంతి చేసుకుని పడిపోయాడు. భార్య గట్టమ్మ రెప్పలెత్తి చూసింది. ఒక కంటిపాప బఠాణీ అంత, రెండోది ఆవగింజంత! ఏ కాలేజీలో చదివిందో గానీ, ప్రాణం మీదికొచ్చిందని ఆమెకు తెలిసిపోయింది. గడీకి పరుగెత్తింది.

"జనగామ దవాఖానకు బండియ్యుండ్రి దొరా. మనిషి దక్కేటట్టు లేడు."

"వానికేం కాలే. నేను చూసిన గద!"

గట్టమ్మ తలెత్తి, దొరగారి కళ్లల్లోకి రెప్ప కొట్టకుండా చూసింది. ఊరంతా చూస్తోంది. దొరగారికి ఒళ్లు మండిపోయింది.

"దీని మెదడు ఖరాబైంది!"

"అవు దొరా! మీ మాట తప్పయితదా? మరి నన్నన్నా దవాఖానకు తోలియ్యుండ్రి!"

జీతగాళ్లకు అంతకన్నా ఏం కావాలి? దొర హుకుం అంటూ క్షణాల్లో బండి కట్టారు. రోగి గట్టమ్మ ఎక్కి కూర్చుంది. ఆమె ఒడిలో మొండయ్యను పడుకోబెట్టారు.

మొండయ్య బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ నాగలి పట్టలేదు. ఆ కోపానికేమో, గట్టమ్మ జబ్బు ఊరంతా అంటుకుంది. చిన్నా పెద్దా తలలెత్తేశారు! అంతమంది రోగుల మధ్య ఉండలేక దొరగారు పట్నం పారిపోయారు.

ఇప్పుడా బెడద లేదు లెండి. మొన్న మా ఊరి రోడ్డు మింగేసిన కాంట్రాక్టరు గారు కారు దిగితే, ఊరు ఊరంతా నేల చూపులు చూశాం. ముందు వరసలో నేనే! దేవుడి దయవల్ల నా మెదడుకు ఏ దెబ్బా లేదు.