స్వెటరమ్మగారి మిషన్‌కి నూనె వేసిన రోజు

ఆ రోజు ఉదయం పెద్దగుమాస్తాగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మొదటి బస్సుకే ఊరవతల అక్కగారింటికి వెళ్ళింది, సాయంత్రానికిగాని రాదు. ఆలోగా ఆవిడ స్వెటర్ల మిషన్ విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి, మళ్ళీ బిగించేసి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతూ కూర్చోవాలి. ఆఫీసులో ఉన్నన్నాళ్ళూ పదిమందిచేత పని చేయించిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో తనను ఎవరూ ఏ పనీ అడగడం లేదని లోలోపల కుమిలిపోతున్నారు.

మిషన్‌కి కూడా వయసు మీద పడింది. బల్లంత పొడవునా వరసగా సూదులు, వాటి మీద అటూ ఇటూ తోసే బండి. ఆ బండి ఈమధ్య సగం దారిలో మొరాయిస్తోంది, కుట్లు జారిపోతున్నాయి. బాగుచేసే మనిషి ఏనాడో కొట్టు కట్టేశాడు. "పారేసి కొత్తది కొనుక్కోమ్మా," అంది కూతురు ఫోన్లో. "కొత్తదాంతో ఇప్పుడు నాకేం కాపురం! ఇది ఆగితే నేనూ ఆపేస్తాను," అంది ఆవిడ. ఆ మాట విన్న దగ్గర్నుంచీ గుమాస్తాగారికి ముద్ద దిగడం లేదు. ఎలాగైనా మిషన్ నడవాలి, ఆవిడ అల్లాలి.

మిషన్‌ని మంచం మీదికి చేర్చి, సూదుల్ని అదిమిపట్టే స్పాంజి పట్టీ బయటికి లాగారు. అది కాగితంలా అణిగిపోయి ఉంది. రోగం దొరికిందని సంబరపడిపోయి, సూదులన్నీ ఊడబీకి కిరసనాయిల్లో వేశారు. కొత్త స్పాంజి కోసం వెతికి వెతికి, చివరికి తను ఆఫీసు నుంచి తెచ్చుకున్న ఒకే ఒక్క వస్తువు, తన కుర్చీ మెత్త, దాన్ని కోసేశారు.

తర్వాత బ్రష్షుతో గాడులు తుడవబోతే, పొరలు పొరలుగా ఊలు నూగు బయటపడింది. పైన బూడిదరంగు, అది ఆయన మఫ్లర్. దానికింద ఎరుపు, కింది వాటాలో లెక్కల మాస్టారి కొడుకు స్వెటర్‌ది. అన్నిటికీ అడుగున ముదురు నీలం. ఆ నీలం దగ్గర బ్రష్షు ఆగిపోయింది. అది కూతురి బడి స్వెటర్. కొత్త ఊలు కొనే వీలు లేక, ఏటా అదే స్వెటర్ని విప్పి, ఆవిరి పట్టి వంకర్లు తీసి, అంచున ఇంకో రంగు కలిపి, కాస్త పెద్దదిగా మళ్ళీ అల్లేది ఆవిడ. పిల్ల పెరిగేకొద్దీ చారలు పెరిగేవి. తమకూ చారల స్వెటరే కావాలని బళ్ళో మిగతా పిల్లలు పేచీ పెట్టారట. ఆ రోజులు ఎంత ఇరుకుగా ఉండేవో, ఎంత బాగుండేవో! గుమాస్తాగారు ఆ నూగు వేళ్ళ మధ్య పెట్టుకుని, పని మరిచిపోయి అలాగే కూర్చుండిపోయారు.

ఆయనకు తెలియని సంగతి ఒకటుంది. పొద్దెక్కాక ఆ మిషన్ గరగరమంటేగాని ఆ మేడలో పనులు సాగవు. పక్కింటావిడ మనవరాలు ఆ చప్పుడుకే నిద్రపోతుంది. లెక్కల మాస్టారు ఆ చప్పుడు విని మాత్ర వేసుకుంటారు. ఇవాళ పాప నిద్రపోలేదు, మాస్టారు మాత్ర మరిచిపోయారు. పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది.

"వదినగారేరీ అన్నయ్యగారూ? మిషన్ వినపడలేదేంటి?"

నిజం చెబితే లోపలికొచ్చి చూస్తుంది. చూస్తే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఎప్పుడూ అబద్ధమాడి ఎరగని గుమాస్తాగారికి ఉన్నపళంగా ఒక అబద్ధం కావలసివచ్చింది.

"పడుకుంది," అన్నారు తలుపు బెత్తెడు తెరిచి.

"ఈ వేళప్పుడా! ఒక్కసారి లేపుతారా?"

"లేపినా లేవదు."

ఆవిడ ఆ సందులోంచే చూడవలసిందంతా చూసింది. మంచం మీద, దుమ్ము పడకుండా ఈ చివరినుంచి ఆ చివరికి కప్పిన తెల్ల దుప్పటి. ఏదో ఘాటు వాసన. ఆ ఘాటుకి ఎర్రబడి నీళ్ళు కారుతున్న గుమాస్తాగారి కళ్ళు.

"మొహం మీదిదాకా కప్పేశారు మాస్టారూ!" అంది మెట్ల మీద గుండెలు బాదుకుంటూ. "మనిషి చిక్కి సగమైపోయింది. నిన్న సాయంత్రం నాతో బానే మాట్లాడిందండీ!"

మాస్టారు వెంటనే పైకి వెళ్ళారు. అప్పటికి గుమాస్తాగారు సూదులన్నీ పెట్టి, స్పాంజి మందమై పట్టీ లోపలికి దూరక, చెమటలు కక్కుతున్నారు.

"మీరు గుండె దిటవు చేసుకోవాలి," అన్నారు మాస్టారు తలుపవతలినుంచి.

ఈయనకు సంగతి ఎలా తెలిసిందో అర్థం కాలేదుగాని, తెలిసినందుకు గుమాస్తాగారి ప్రాణం కాస్త కుదుటపడింది. "అంతా నా చేతులారా చేసుకున్నాను మాస్టారూ. చేతకాని పనిలో చెయ్యి పెట్టాను."

"అలా అనుకోకండి. మీరు చెయ్యగలిగింది చేశారు. అమ్మాయికి కబురు పెట్టమంటారా?"

"అమ్మో, వద్దు! పారేయమంటుంది."

మాస్టారు నిర్ఘాంతపోయారు. దుఃఖంలో మనిషి ఏమంటాడో వాడికే తెలియదని సరిపెట్టుకుని, కిందికెళ్ళి కూతురికి ఫోన్ చేశారు. వీధి వాటాలో వాచీలు బాగుచేసే అతను కొట్టు మూసేసి కుర్చీలు తెచ్చి వేశాడు. మేడంతా మెట్ల మీద చేరింది.

సరిగ్గా అప్పుడే, అక్కగారింటికి తాళం వేసి ఉంటే ఉసూరుమంటూ వెనక్కి తిరిగిన స్వెటరమ్మగారు మెట్ల దగ్గరికొచ్చింది.

"ఎవరికేమైంది బాబూ?"

"పైవాటా స్వెటరమ్మగారు పోయారమ్మా," అన్నాడు వాచీలతను తల తిప్పకుండానే.

ఆవిడ నోరు తెరవబోయింది. ఇంతలో పైనుంచి మాస్టారి గొంతు వినపడింది. "మా వాడు మొదటి ఉద్యోగానికి వెళ్ళింది ఆవిడ అల్లిన ఎర్ర స్వెటర్లోనే. పట్టకపోయినా ఇప్పటికీ పెట్టెలో దాచుకున్నాడు."

"మా పాప పుట్టినప్పుడు నేను అడక్కుండానే మేజోళ్ళు అల్లి తెచ్చింది," అంది పక్కింటావిడ. "ఆ గరగర వింటుంటే ఇంట్లో ఓ పెద్దదిక్కు ఉన్నట్టుండేది."

ఆవిడ చప్పుడు కాకుండా కింది మెట్టు మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో "వెచ్చగా ఉందండీ" అన్న మాట తప్ప ఆ మేడలో ఎవరూ ఆవిడతో ఇంకేమీ అనలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ పోయినావిడ మీద ఆవిడకు ఎంతో గౌరవం కలిగింది.

"పోయినవాళ్ళని అనకూడదుగానీ," అన్నాడు వాచీలతను, "నా స్వెటర్‌కి ఒక చెయ్యి పొడుగు."

"పొడుగా? కొలతలిచ్చేటప్పుడు వంకరగా నించున్నదెవరు?" అంది వెనకనుంచి పోయినావిడ.

రెండు కుర్చీలు పడిపోయాయి. మాస్టారు జేబులోని మాత్ర తీసి నీళ్ళు లేకుండానే మింగేశారు. ఆ గోలకి గుమాస్తాగారు తలుపు తీసి, మెట్లెక్కి ఎదురుగా వచ్చిన భార్యనీ వెనక మేడ మొత్తాన్నీ చూసి, తన నిర్వాకం చూడడానికే అందరూ వచ్చారనుకుని తల వంచుకున్నారు.

ఆవిడ తిన్నగా వెళ్ళి దుప్పటి తీసింది. మెరుస్తున్న సూదులు చూసింది, నేల మీద కోసిపడేసిన మెత్త చూసింది.

"ఇది మీ కుర్చీది కదూ?"

"నాకింక కుర్చీతో పనేముంది," అన్నారాయన.

ఆవిడ మంచం అంచున కూర్చుంది. స్పాంజిని కాస్త చెక్కి సన్నం చేసి, "మీరటు నొక్కండి, నేనిటు తోస్తాను," అంది. ఇద్దరూ కలిసి తోస్తే పట్టీ బుద్ధిగా లోపలికి వెళ్ళింది. ఊలు ఎక్కించి బండి తోసింది. ఒక్క కుట్టూ జారలేదు. గుమాస్తాగారు నేల మీది మెత్త ముక్కలు ఏరసాగారు.

కూతురికి తిరిగి ఫోన్ చెయ్యాలని ఎవరికీ తోచలేదు. సాయంత్రం ఆమె ఏడుస్తూ బస్సు దిగి, అమ్మని వాటేసుకుని, తండ్రి మీద విరుచుకుపడింది. "నీకేమన్నా బుద్ధుందా నాన్నా? దారంతా నా ప్రాణం పోయింది!"

"ఆయన్నేమీ అనకు," అంది తల్లి బండి తోస్తూనే. తర్వాత భర్తవైపు తిరిగింది. "దీనికి మళ్ళీ ఎప్పుడు చెయ్యాలి ఇదంతా?"

"ఏడాదికోసారి చేస్తే మంచిది," అన్నారాయన భయపడుతూ.

"అయితే మీరే చెయ్యండి. ఆ రోజు అక్కయ్యగారింటికని చెప్పి నేను మెట్ల కింద కూర్చుంటాను. మాస్టారు ఇంకా ఏదో చెప్పబోతుంటే మధ్యలో ఆగిపోయింది."

అలా గుమాస్తాగారికి ఇంట్లో ఉద్యోగం దొరికింది. ఏడాదికి ఒక్కపూట పని; ఆ పూట మాత్రం భార్య పోయి ఉండాలి.