కుబ్రా మేడం పెంచిన గడువు

సెప్టెంబరు పదిహేను, సోమవారం. ఆ రోజుకు కుబ్రా మేడం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మూడో పీరియడు కాగానే హెడ్మాస్టరుకు చెప్పి బయటపడాలి. ఆటో పట్టుకుని కరీంనగర్ బస్టాండు దగ్గర టాక్సు కన్సల్టెంటు హనుమండ్లు ఆఫీసుకు పోయి, ఇన్‌కంటాక్సు రిటర్ను వేయించుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలి. రిటర్నుకు అదే ఆఖరి రోజు. బ్యాంకు ఇవ్వాల్సిన వడ్డీ కాయితం శనివారం గాని ఆమె చేతికి రాలేదు. గడువు దాటితే ఫైను. ఇరవై రెండేళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్న మనిషికి ఫైను కట్టడమంటే, పిల్లల ముందు తానే గోడకుర్చీ వేసినంత నామోషీ.

రెండో పీరియడు ఖాళీ. స్టాఫ్‌రూములో కాయితాలు సర్దుకుంటుంటే గంగుబాయి ఫోను చేసింది. ఆమె టైలరు. కుబ్రా అక్క కూతురు నూరీన్ పెళ్లిబట్టలు ఆ రోజే ఇస్తానని మాటిచ్చింది.

"మేడం, జర రెండు దినాలు ఓపిక పట్టుండ్రి. మిషిను మోటరు కాలిపోయింది," అంది ఏడుపు గొంతుతో.

"పరేషాన్ గాకు గంగుబాయీ. నీకు చెప్పుడే మర్చిన. ఇయ్యాల ఆఖరు గాదు ఇగ. వాళ్లే డేటు పెంచిన్రు. ముప్పై తారీఖు దాకా టైముంది. నిమ్మళంగ చేస్కో."

పెళ్లికొడుకు మేనమామ కాలు విరగ్గొట్టుకోవడంతో అటువైపు వాళ్లు పెళ్లిని వెనక్కి జరిపిన సంగతి అది. తెలుగు చెప్పే పద్మలత సరిగ్గా అప్పుడే లోపలికి వచ్చింది. బల్లమీద టాక్సు కాయితాలు పరిచి ఉన్నాయి. "వాళ్లే డేటు పెంచిన్రు" అన్న మాట చెవిన పడింది. ఇక అడగడానికేముంది? బడిలో జీతాల బిల్లులన్నీ చూసేది కుబ్రానే. టాక్సు విషయంలో ఆమె మాటంటే సర్కారు ఉత్తర్వుతో సమానం.

పద్మలత ఆ సంతోషాన్ని ఒక్కతే ఉంచుకోలేక సోషల్ సారు నరేశ్‌కు చెప్పింది. నరేశ్ టీచర్ల వాట్సాప్ గ్రూపులో "ముప్పై దాకా పొడిగింపు. నమ్మదగిన సమాచారం" అని రాసి, కింద రెండు దండాల బొమ్మలు పెట్టాడు. కుబ్రా మూడో పీరియడులో భిన్నాలు చెబుతుండగానే ఆ వార్త మందమర్రి దాటింది.

ఆమె ఆటో దిగేసరికి హనుమండ్లు ఆఫీసుకు తాళం. ఫోను చేసింది.

"నేను మందమర్రి బస్సుల ఉన్న మేడం. మా బామ్మర్ది బిడ్డ తొట్టెల ఫంక్షను. రానంటే మా ఆమె రెండు రోజుల సంది మాట్లాడ్తలేదు. దేవుడు పంపినట్టు కబురొచ్చింది. డేటు పెంచిన్రు కద!"

"పెంచిన్రా? నిజంగనా?"

"పక్కా మేడం. పొద్దుగాల్నుంచి పద్నాలుగు మంది చెప్పిన్రు."

కుబ్రా గుండె తేలికపడింది. దారిలో పావు కిలో జిలేబి కూడా కొన్నది. ఇంట్లో భర్త ఫజలుద్దీన్ అన్నం ముందు కూర్చుని అంతా విన్నాడు. గ్రానైటు యార్డులో సూపర్‌వైజరు ఆయన. రాయిని నాలుగు వైపులా చూడందే లారీ ఎక్కించనివ్వడు.

"కౌన్ బోలా?" అన్నాడు. ఎవరు చెప్పారు?

అవును, ఎవరు? కుబ్రా మళ్లీ హనుమండ్లును అడిగింది. అతను నరేశ్ పేరు చెప్పాడు, నరేశ్ పద్మలత పేరు చెప్పాడు.

"అయ్యో, మీరే కద మేడం!" అంది పద్మలత. "ఫోన్ల చెప్తుంటిరి, ముప్పై దాకా టైముందని."

కుబ్రా చేతిలో జిలేబి అట్లాగే ఆగిపోయింది.

"అది టైలరుకు చెప్పిన!"

"టైలర్లకు సుత టాక్సు ఉంటదా మేడం?"

అబద్ధం పుట్టడానికి ఒక్క ఫోను చాలింది. దాన్ని చంపడానికి కుబ్రా ఇరవై ఫోన్లు చేసినా లాభం లేకపోయింది. నరేశ్ గొంతు తగ్గించి, "ఫికర్ చెయ్యకుండ్రి మేడం, మీ పేరు బయటికి రానియ్యం," అన్నాడు. ఆమె గ్రూపులో "పొడిగింపు అబద్ధం. ఇవాళే ఆఖరు" అని రాస్తే, కాగజ్‌నగర్ నుంచి ఎవరో, "మేడం, దయచేసి పుకార్లు వ్యాపింపజేయకండి" అని మందలించారు.

చివరికి హనుమండ్లుకు ఫోను చేసి, "గా నమ్మదగిన సమాచారం నేనే," అని ఒప్పుకుంది.

"బిడ్డను తొట్టెల్ల ఇంక వెయ్యనే లేదు మేడం," అని మాత్రం అన్నాడు. భార్యకు ఏం చెప్పాడో గాని, ఆరు గంటలకు బస్సు దిగాడు. ఆఫీసు మెట్లమీద బడి టీచర్లు పదకొండు మంది కాయితాలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. కుబ్రా ఒక్కొక్కరినీ బతిమాలి రప్పించింది.

కంప్యూటరు తెరిచారు. ఆఖరి రోజు గదా, దేశమంతా అక్కడే ఉన్నట్టుంది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. తొమ్మిదింటి దాకా చూసినా ఒక్కరి రిటర్ను కూడా పోలేదు.

కుబ్రా లేచి నిలబడింది. "తప్పు నాది. మీ అందరి ఫైను నేనే కడ్త," అంది.

వద్దని ఎవరూ అనలేదు.

తెల్లారి ఫజలుద్దీన్ నిద్ర లేపి ఫోను ఆమె ముఖం ముందు పెట్టాడు. సర్కారు నిజంగానే గడువు పెంచింది, ఒక్కటంటే ఒక్క రోజు. కుబ్రా ఆ వార్తను నాలుగు చోట్ల చూసుకుంది, ఎవరు చెప్పారో కూడా చూసుకుంది, అప్పుడు గాని నమ్మలేదు. బడి గంట కొట్టకముందే హనుమండ్లు పన్నెండు రిటర్నులూ వేసేశాడు.

ఆమె స్టాఫ్‌రూములో అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు.

"గింత ముందుగాల మీకెట్ల తెలిసింది మేడం?" అన్నాడు నరేశ్.

"నాకేం తెల్వదు సార్. అది పెళ్లిబట్టల ముచ్చట."

"అర్థమైంది మేడం," అని నరేశ్ పద్మలత వైపు చూసి కన్ను గీటాడు.

హెడ్మాస్టరు వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. కుర్చీ ఆమె పక్కకు జరుపుకుని మెల్లగా, "కుబ్రా మేడం, ఆగిన డీఏ ఎప్పుడిస్తరట?" అని అడిగాడు.

కుబ్రాకు ఓపిక పూర్తిగా అయిపోయింది. "నాకు తెల్వదు సార్. దసరా దాకా నన్నేం అడగకుండ్రి!"

మధ్యాహ్నం గంట కొట్టేలోగా కాగజ్‌నగర్ టీచర్లకు డీఏ దసరాకే ఖాయమైపోయింది.